వేలు కనబడకూడదు

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. అందరికీ నునుపాయనే. కుండ చేసినా, పూలతొట్టి చేసినా, ఆఖరికి పిల్లి పాలు తాగే ముంత చేసినా, చెంపకు ఆనిస్తే గీసుకోకూడదంటాడు. సారె మీద మట్టిని కుండగా లేపడం ఆయన పని. దాన్ని తడిగుడ్డతో తుడిచి నునుపు తేల్చడం భార్య పని. ఆమె తుడిచి ఇచ్చినదాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, ఒక కన్ను మూసి, వెలుగులో వారగా తిప్పి చూసేవాడు. పెళ్లికి ముందు తనను కూడా అంత పరీక్షగా చూడలేదని ఆవిడ దెప్పేది.

"ఇదిగో, ఇక్కడ నీ వేలు కనబడుతోంది."

"కనబడితే? కొరుకుతుందా?" అనేది ఆమె. అన్నా, మళ్లీ గుడ్డ తడిపేది.

ఆమె మాట చెల్లే చోటు ఒక్కటే ఉండేది. అది ఇంటి వెనక ఇటుకలతో కట్టిన పాత ఆవం. కుండలు కాల్చీ కాల్చీ దాని లోపలి గోడలు నెర్రెలిచ్చేవి. ప్రతి ఏడూ వానలు వెలిశాక ఎవరో ఒకరు లోపలికి దూరి మన్ను మెత్తాలి. ఆవం నోరేమో చిన్నది, నునుపాయన పొట్టేమో పెద్దది. ఒకసారి దూరబోయి ఇరుక్కుంటే భార్యా కూతురూ చెరో కాలూ పట్టుకుని లాగాల్సి వచ్చింది. అప్పట్నుంచీ ఆ పని ఆమెదే. ఈయన బయట నిలబడి, "సాపుగా మెత్తుతున్నావా?" అని కేకేసేవాడు.

"ఇక్కడ నా ఇష్టమయ్యా. నీ కన్ను ఇంతదాకా రాదులే!" అని లోపల్నుంచి నవ్వు వినబడేది.

కిందటి చలికాలంలో జ్వరం తగిలి ఆమె పోయింది. తర్వాత ఆయనకు తిండి సహించలేదు. చొక్కాలు వదులయ్యాయి, మనిషి సగమయ్యాడు. పనంతా కూతురే నెత్తిన వేసుకుంది. గ్యాసుతో కాలే కొత్త ఆవం తెప్పించి, పాతదాన్ని పడగొట్టించి ఆ చోట షెడ్డు వేద్దామంది. "సరే" అన్నాడు. అప్పట్లో దేనికైనా సరే అనే అంటున్నాడు.

అలాంటి రోజుల్లోనే, మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీకి సున్నాలు వేసి అందులో కొత్తరకం మట్టి పాత్రల ఎగ్జిబిషన్ పెట్టారు. "లే నాన్నా, గోడకేసి ఎంతసేపు చూస్తావు?" అని కూతురు బలవంతాన లాక్కెళ్లింది.

మొదటి బల్ల మీదే నడుం విరిగినట్టున్న కూజా కనబడింది. "దీన్ని ఎండలో పెట్టి మర్చిపోయారా ఏం?" అన్నాడు. "మెల్లగా నాన్నా!" అని కూతురు చెయ్యి గిల్లింది. రెండో బల్ల దగ్గర మాత్రం ఆయన వంగి చూశాడు. అక్కడున్నవి పల్చటి గిన్నెలు. వాటి అడుగున నల్లటి నీలం చిక్కగా పేరుకుని ఉంది. ఎక్కడో చూసిన రంగే. ఇస్త్రీ బండి పక్కన రోడ్డు గుంటలో వాన వెలిశాక నిలిచే నీళ్లు గుర్తొచ్చాయి. ఇన్నేళ్లూ ఆ గుంటను తిట్టుకుంటూ దాటాడే గానీ, దాని రంగు చూడలేదు. వీధిని అలా గిన్నెలోకి ఎత్తుకొచ్చిన వాళ్లెవరో గానీ, వాళ్ల మీద ఆయనకు మనసులో గౌరవం కలిగింది.

చివర్లో ఉంది ఆ జాడీ. నిలువెత్తుది. అడుగు నుంచి అంచుదాకా వేళ్లు ఈడ్చిన చాళ్లే. ఎక్కడా గుడ్డ తగల్లేదు. దాన్ని చేసినామె పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది, కూతురి కంటే చిన్నదే.

"తుడవలేదేమ్మా?" అని అడిగాడు.

"తుడవబుద్ధి కాలేదండీ. పొద్దంతా కష్టపడి చేశాను. తుడిస్తే ఆ పొద్దంతా పోతుంది కదా," అంది.

తన ఇంట్లో ఎన్ని పొద్దులు పోయాయో ఆయనకు అప్పుడు తట్టింది. భార్య చేతులు పడని కుండ ఆయన చేసినవాటిలో ఒక్కటీ లేదు. ఆ చేతుల జాడ ఉన్న కుండ కూడా ఒక్కటీ లేదు. దగ్గరుండి, కళ్లు చికిలించి మరీ, తనే తుడిపించాడు. ఆమె వేలు ఒక్కటంటే ఒక్కటి ఎక్కడైనా మిగిలిందేమో చూసుకోవాలని ప్రాణం కొట్టుకులాడింది.

మర్నాటి నుంచి వీధి మీద పడ్డాడు. మందుల షాపు మెట్ల మీది పూలతొట్లు, బడి వరండాలో నీళ్ల కుండలు, మంగలి అద్దం పక్కన దువ్వెనలు పెట్టే ముంత, అన్నీ వాళ్ల చేతి పనే. ప్రతిదాని చుట్టూ బొటనవేలు తిప్పి చూశాడు.

"ఏంటి పెద్దయ్యా, కుండకి నాడి చూస్తున్నావా?" అని మంగలి నవ్వాడు.

కుట్టుపని చేసే ఆవిడైతే తన కూజాను కొంగుతో తుడిచి మరీ చేతికిచ్చింది. "అక్క చెయ్యంటే అక్క చెయ్యే అన్నయ్యా. చూడు, ఎంత నున్నగా ఉందో, ఎక్కడా మరకైనా లేదు!" మెచ్చుకోలుగానే అంది పాపం. ఆయన తలూపి, కూజా తిరిగిచ్చేసి, ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకున్నాడు.

పొద్దున్నే తాపీమేస్త్రి గునపంతో దిగాడు. "పెద్దయ్యా, ఆవంలో ఏమైనా సామాన్లున్నాయా? ఒకసారి చూసుకోండి, మొదలుపెడతాను."

నునుపాయన టార్చి తీసుకుని వంగాడు. ఆవం నోటి చుట్టూ గోడ అద్దంలా ఉంది. బయటి నుంచి కన్ను ఆనే మేరకు నునుపే. ఇక్కడ కూడానా అనుకుని నిట్టూర్చి, తల లోపలికి పెట్టాడు. భుజాలు పట్టాయి. పొట్ట దగ్గర ఎప్పట్లా ఇరుక్కుంటాననుకున్నాడు. ఇరుక్కోలేదు. ఆమె ఉన్నన్నాళ్లూ పట్టని మనిషి, ఆమె కోసం బెంగపడి చిక్కిపోయి, సులువుగా లోపలికి వెళ్లిపోయాడు.

లోపల టార్చి తిప్పాడు. ఆయన కన్ను రాని చోటంతా ఆమె ఇష్టమే! నాలుగు వేళ్లు కలిపి పైనుంచి కిందికి ఈడ్చిన చాళ్లు, నెర్రె మీద బొటనవేలితో నొక్కిన నొక్కులు, పైకప్పు దగ్గర అరచేయి మొత్తం. ఏళ్ల తరబడి మంటల్లో కాలి రాయిలా బిగిసిపోయాయి. ఒక చాలులో తన వేళ్లు పెట్టి చూశాడు. సరిపోలేదు. ఆమె వేళ్లు అంత సన్నవని ఆయనకిప్పుడే తెలిసింది. చిటికెన వేలొక్కటే కాస్త పట్టింది. దాన్ని అక్కడే ఉంచి, దుమ్ములో కూర్చుని ఏడ్చాడు.

"నాన్నా, ఇరుక్కున్నావా?" బయట కూతురు కంగారుపడుతోంది.

"లేదమ్మా. మేస్త్రిని ఇంటికి వెళ్లమను."

కూతురు మోకాళ్ల మీద వంగి తల లోపలికి పెట్టింది. నాన్న మొహం చూసింది, ఆయన వేలు ఎక్కడుందో చూసింది. "అమ్మవే కదా? మసి పట్టి సరిగ్గా కనబడటం లేదు నాన్నా. గుడ్డ తడిపి తేనా?" అంది.

"వద్దు తల్లీ," అన్నాడు నునుపాయన. "తుడవకు."