తాగని మనిషి ఎర్రటి ముఖం

ఎకో మెషిన్‌లో రక్తం పారే చప్పుడు వినిపిస్తుంది. అల వెనక్కి పోతూ గులకరాళ్లను ఈడ్చినట్టు ఒక హోరు. ఈ ఉదయం డెలానీపూర్ నుంచి వచ్చిన ఒక ముసలాయన గుండె పరీక్ష చేస్తూ ఆ హోరు వింటుంటే వసంత మేడమ్ గుర్తొచ్చారు. కొత్తగా డాక్టరునై పోర్ట్ బ్లెయిర్ వచ్చినప్పుడు గుండెను చూడటం నేర్పింది ఆవిడే. తొందరంటే ఎరగని మనిషి.

ఆ రోజుల్లోనే ఊళ్లోని డైరీ ఫార్మ్ పేట నుంచి అప్పలరాజు వచ్చాడు. సముద్రం మీద వేట అతని బతుకు. కాళ్లు వాచాయి, పొట్ట ఉబ్బింది. నెలల తరబడి విరేచనాలు. ముఖం ఉన్నట్టుండి ఎర్రగా కందిపోయి, కాసేపటికి మామూలయ్యేది. తాగి తాగి లివర్ పాడుచేసుకున్నాడని చుట్టుపక్కల అందరూ తేల్చేశారు. వెంట వచ్చిన భార్య ఎర్రమ్మ అతనికి దూరంగా, గోడవారన నిలబడింది.

"నాను తాగను మేడమ్. సచ్ సెప్తన్నాను, ఎవులూ నమ్మరు," అన్నాడతను.

"నావ మీద ఏటి సేస్తాడో నాకేటి ఎరిక డాక్టరమ్మా? ఆ మొకం సూడండి," అంది ఎర్రమ్మ.

మేడమ్ ఎవరినీ కాదనలేదు. "ఎర్రబడేటప్పుడు ఎలా ఉంటుంది?" అని అడిగి, అతను తడుముకుంటూ చెప్పిందంతా విన్నారు. ఆ తర్వాతే ఛాతీ మీద ఆనించే ఎకో ప్రోబ్ అందుకున్నారు.

తెర మీద గుండె ఎడమవైపు కవాటాలు చక్కగా ఆడుతున్నాయి. కుడివైపు రెండు గదుల మధ్య కవాటం మాత్రం దళసరెక్కి, కురచబడి, సగం తెరుచుకుని బిగుసుకుపోయింది. అది మూసుకోక రక్తం వెనక్కి తన్నుతోంది.

"కీళ్లవాత జ్వరం వల్లేమో మేడమ్," అన్నాను.

"అదైతే ముందు ఎడమవైపును పట్టుకునేది. ఒంట్లో ఏదో గడ్డ హార్మోన్ వదులుతున్నట్టుంది. అది మొదట చేరేది కుడివైపుకే. ఊపిరితిత్తులు దాటేసరికి దాని పస తగ్గిపోతుంది." అంటూనే ప్రోబ్‌ను కాలేయం మీదికి జరిపారు. అక్కడ గడ్డలు కనిపించాయి.

మూత్ర పరీక్ష కూడా అదే తేల్చింది. మేడమ్ ఎర్రమ్మను దగ్గరికి పిలిచి, "మీ ఆయన ముఖం కందేది తాగి కాదమ్మా, ఈ గడ్డల వల్ల," అన్నారు.

ఎర్రమ్మ మంచం అంచున కూర్చుని, అతని వాచిన పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది. "సెప్తానే ఉన్నావు కదయ్యా," అంది మెల్లగా. అప్పలరాజు గోడవైపు తిరిగి ఏడ్చాడు.

అతన్ని చెన్నై పంపితే, అక్కడ ముందు ఇంజెక్షన్లతో జబ్బును అదుపులోకి తెచ్చి, తర్వాత కవాటం మార్చారు. గడ్డలు పూర్తిగా పోలేదు. అయినా అతను కొన్నేళ్లు బతికాడు. ఒడ్డున కూర్చుని వలలు బాగుచేస్తూ, భార్యతో కబుర్లాడుతూ.

మేడమ్ నిరుడు పోయారు. ఆ జబ్బు నాకు మళ్లీ అరుదుగానే ఎదురైంది. కానీ ఏ రోగి అయినా "కాదు డాక్టర్" అంటే, ఆ మాట నిజమే అనుకుని పరీక్ష మొదలుపెడతాను.