పన్నెండు లెక్కపెట్టేసరికి మాయమైన ఎర్రన్న

సాలూరు ఫొటో నగరేశ్వరరావు చచ్చిన మనిషిని పెరట్లో ఎండబెట్టి బతికించాడు. నమ్మనివాళ్లు పుట తిప్పేసుకోవచ్చు, నష్టం వాళ్లకే.

వాళ్లది బెల్లం కొట్టు. కొట్టు తమ్ముడికి వదిలేసి, మూడుకాళ్ల కెమెరా భుజానేసుకుని కొండల వెంట పడ్డాడు. పెళ్లి ఫొటో అడిగితే, "పెళ్లికొడుకు కంటే కొండ నయం, కదల్దు" అనేవాడు.

పంతొమ్మిదివందల నలభై నాలుగు కార్తీకంలో, ఎర్రన్న అనే కొండకింది రైతు చోడిచేను, అంటే రాగిచేను, గట్టున కెమెరా నిలబెట్టాడు. దగ్గరి కంకి నుంచి దూరపు కొండ దాకా అన్నీ స్పష్టంగా పడాలని కటకం నోరు సూదిబెజ్జమంత చేశాడు. అంత సన్నటి బెజ్జంలోంచి వెలుతురు చాలాలని మూత తీసి పన్నెండు లెక్కపెట్టాడు. ఫొటోలో పడతానన్న సంబరంతో ఎర్రన్న ఉతికిన తలపాగా చుట్టుకుని, పిట్టల్ని తోలుతూ చేనంతా పరిగెత్తాడు.

వారానికి బొమ్మ వచ్చింది. కొండ ఉంది. మబ్బుంది. చిరుగు చొక్కా దిష్టిబొమ్మ దర్జాగా ఉంది. ఎర్రన్న లేడు.

"ఓలమ్మో! కర్రకి సొక్కా తొడిగితే పడినాది, అంబలి తాగీ మడిసి పడనేదేటి?" అని అతని భార్య దాలమ్మ గుండె బాదుకుంది.

ఎర్రన్న తన చెయ్యి తనే పట్టుకు చూసుకున్నాడు. "ఒసే, నానున్నానేటే?" దాలమ్మ గట్టిగా గిల్లింది. "నొప్పెట్టినాది. సచ్చినోడికీ నొప్పెడతాది గావాల" అని మంచమెక్కాడు. మూడు రోజులు అంబలి ముట్టలేదు.

దాలమ్మ స్టూడియోకి వచ్చి పడింది. "సావుకారూ, మా మావని కాయితంలోంచి తీసిచ్చీ!"

"కదిలినాడమ్మా, అందుకే పడనేదు."

"కదిలీవోడు కాయితంలో పడకపోతే, ఇప్పుడు మంచమ్మీద కదలకుండా పడుండీవోడు సచ్చినోడే గదా బాబూ?"

  తన బొమ్మ ఒక ప్రాణం తీసేలా ఉందని నగరేశ్వరరావుకు అర్థమైంది. యుద్ధం రోజులు, బొమ్మ పట్టే గాజు ప్లేట్లు దొరకవు. మంచు దిగే కొండ కోసం దాచుకున్న ఆఖరి ప్లేటు తీశాడు.

ఎర్రన్నను రెక్కలు పట్టి తెచ్చి దిష్టిబొమ్మ పక్కన నిలబెట్టారు. నగరేశ్వరరావు మళ్లీ మూత తీసి లెక్క మొదలెట్టాడు. తొమ్మిదో అంకె దగ్గర పిట్ట వచ్చి తలపాగా మీద వాలింది. ఎర్రన్న కదల్లేదు.

మర్నాడు మధ్యాహ్నం పెరట్లో, కడిగిన ప్లేటు కింద కాగితం బిగించిన చట్రం ఎండలో పెట్టాడు; ఎండ తగిలినకొద్దీ ఆ కాగితం నల్లబడుతుంది. కొండకి, మబ్బుకి ఎండ బాగా తాగించాడు. ఎర్రన్న ఉన్న చోట మాత్రం మొహం నల్లబడిపోకూడదని అరచెయ్యి అడ్డుపెట్టి ఆడిస్తూ నిలబడ్డాడు. చట్రం వెనక మూత సగం తెరిచాడు. నల్లటి కొండ ముందు ఎర్రన్న దీపంలా వెలుగుతున్నాడు. చూడవచ్చిన జనం ఒక్కసారి వెనక్కి జరిగారు.

ఎర్రన్న ఫొటోలో ముక్కు చూసి, తన ముక్కు తడుముకున్నాడు. "ఒసే దాలీ, అంబలెట్టు!"

కబురు బొబ్బిలి దాకా పాకింది. ఒక ముసలమ్మ మొగుణ్ని మంచంతో సహా మోయించుకొచ్చి, కాస్త ఎండబెట్టమంది. నగరేశ్వరరావు చెయ్యి తుడుచుకున్నాడు.

"నాను ఎవుల్నీ బతికించనేదమ్మా. మొదట కదిలినాడు, పడనేదు. తరవాత కదల్నేదు, పడినాడు."