అబ్బులు గారు వెతికిన చిల్లుకాణీ

"ఇది అదే కాకపోతే, ఇంక మీ పిన్నికి ఏం చూపించనమ్మా?"

ఫోను నా చేతిలో పెడుతూ అబ్బులు గారు అన్న మాట ఇది. ఫోనులో ఒక పాత కంచు బిళ్ళ ఫొటో ఉంది. తెల్లవాళ్ళ కాలంనాటి కాణీ, నడుమ గుండ్రంగా చిల్లు. లోపలి గదిలో ఆయన భార్య, నేను పిన్ని గారూ అని పిలిచే మాణిక్యాంబ గారు, మంచం మీద ఉన్నారు. కిడ్నీలు పాడైపోయి, ఇంక డయాలసిస్‌కి రానని ఆవిడే చెప్పేసి పది రోజులు దాటింది.

కొవ్వూరులో వాళ్ళింటి మేడ మీద మేం నాలుగేళ్ళుగా అద్దెకుంటున్నాం. నేను రోజూ వంతెన దాటి రాజమండ్రి వెళ్ళి జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మా సుధ ఈ ఇంట్లో ఉండగానే పుట్టింది. అది నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే రకం నేను. నేను కాలేజీకి వెళ్ళినప్పుడు పిల్లని ధైర్యంగా వదిలింది ఆ దంపతుల దగ్గరే.

అబ్బులు గారు ముప్ఫై ఏళ్ళ పైన నిడదవోలులో ఒక ఫొటో స్టూడియోలో టచింగ్ పని చేశారు. పొద్దున్నే క్యారేజీతో పాసింజరెక్కి వెళ్ళేవారట. నెగెటివ్‌ని వెలుగుకి ఎదురుగా బల్లమీద బిగించి, సూదిలా చెక్కిన పెన్సిలుతో స్ఫోటకం మచ్చలు పూడ్చేవారు. పెళ్ళిచూపులకి పంపే ఫొటోల్లో మెల్లకన్ను సరిచేసేవారు. బతికుండగా ఫొటో తీయించుకోని మనిషి పోతే, శవానికి తీసిన ఫొటోలో మూసుకున్న రెప్పల మీద కళ్ళు గీసేవారు. "నిడదవోలు చుట్టుపక్కల గోడల మీంచి చూస్తున్న కళ్ళు సగం నావేనమ్మా" అని ఒకసారి నవ్వుతూ అన్నారు. కంప్యూటర్లు వచ్చాక స్టూడియోకి ఆయనతో పని లేకపోయింది.

రెండేళ్ళ కిందట ఆయన ఫోనులో పాత నాణేలు అమ్మే గ్రూపుల్లో చేరారు. ఒక్కటీ కొనేవారు కాదు. వచ్చిన ప్రతి ఫొటోనీ పెద్దది చేసి, కళ్ళజోడు పైకి తోసి చూస్తూ కూర్చునేవారు. కాలక్షేపం అనుకున్నాను. వంటింట్లోంచి పిన్ని గారు, పెళ్ళిచూపుల్లో ఈయన నన్ను ఇందులో పావు వంతు చూడలేదమ్మా, అనేవారు.

కొన్నాళ్ళకి గ్రూపులో వాళ్ళే కొనబోయే ముందు ఆయనకి ఫొటోలు పంపి అడగడం మొదలుపెట్టారు. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించేవారు. బిళ్ళ కింద పరిచిన గుడ్డ నేతలో, బిళ్ళ అంచు దగ్గరికొచ్చి ఒక పోగు పక్కకి జరిగితే ఫొటోలో అక్కడేదో చెరిపారన్నమాట. సంవత్సరంలో మూడంకెలు అరిగిపోయి నాలుగోది పదునుగా ఉంటే దాన్ని తర్వాత అతికించారన్నమాట. "ఈ తొమ్మిదొక్కటే బ్యూటీ పార్లరుకెళ్ళొచ్చింది" అనేవారు.

అన్నిటికన్నా ఆయన నమ్మింది వెలుగుని. ఒక ఇత్తడి మూత మీద మేకుతో గీత గీసి, టార్చిలైటు పక్కనుంచి వేసి చూపించారు. వెలుగు ఎడమ నుంచి పడితే, ఉబ్బుగా ఉన్నదానికి ఎడమ అంచు మెరుస్తుంది. లోతుగా ఉన్న గీతకి ఎడమ అంచు నల్లబడి కుడి అంచు మెరుస్తుంది. నేను బోర్డు మీద కాంతి కిరణాలు గీసి చెప్పే పాఠమే ఇది. ఇంత తేటగా నేనెప్పుడూ చెప్పలేదు.

ఆయన వెతుకుతున్నది ఒకే ఒక్క బిళ్ళ కోసమని పిన్ని గారు మంచం పట్టాకే నాకు తెలిసింది.

వాళ్ళకి దుర్గాశ్రీ అనే పాప ఉండేది. ఎనభై తొమ్మిదిలో, నాలుగో ఏట, మెదడువాపు జ్వరంతో పోయింది. ఆ ఇంట్లో చంటిపిల్లల మొలతాటికి చిల్లుకాణీ గుచ్చడం ఆనవాయితీ. ఆడపడుచు కూతురికీ అలాంటిదే ఉండేదట. మారిపోకుండా అబ్బులు గారు టచింగ్ బ్లేడుతో చిల్లు పక్కన 'దు' అని గీశారు. పాప పోయాక పెద్దవాళ్ళు ఆ వస్తువు ఇంట్లో ఉండకూడదన్నారు. మూడో రోజున రాజమండ్రి పుట్టింటికి వెళ్తూ, రైలు వంతెన మీద అందరూ గోదారికి చిల్లర వేస్తుంటే పిన్ని గారు గుప్పిట తెరిచారు. ముప్ఫై మూడేళ్ళు ఆ ఊసెత్తలేదు. రెండేళ్ళ కిందట డయాలసిస్ నుంచి వస్తూ, కారు వంతెన మీద ఉండగా, ఆ బిళ్ళ ఉంచుకోవాల్సిందండీ అని మాత్రం అన్నారట.

వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడు వంతెన స్తంభాల కింద ఇసుక జల్లెడ పట్టి నాణేలు ఏరుకునేవాళ్ళుంటారు. వాటిలో పాతవి వ్యాపారుల చేతికి, అక్కణ్ణుంచి ఫోన్లలోకి వస్తాయి. ఆయన ఆశ అదీ.

వాళ్ళ హాల్లో ఆ పాప ఫొటో ఉంది. కళ్ళు విప్పార్చుకుని చూస్తున్నట్టుంటుంది. ఎంత బాగున్నాయో కళ్ళు అని నేను చాలాసార్లు అన్నాను. ఊళ్ళో పిల్లలందరి ఫొటోలకీ టచింగ్ చేస్తూ, మన పిల్లకి తర్వాత తీయిద్దాంలే అని ఊరుకున్నారట. ఆ కళ్ళు కూడా ఆయన గీసినవే. పిన్ని గారు అద్దం తుడిచేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవడం నేను చూశాను, ఎందుకో అప్పుడు తెలీలేదు.

డయాలసిస్ మానేశాక ఆయనకి ఓపిక పట్టే వ్యవధి లేకపోయింది. గోదారి నాణేలు అమ్ముతానన్న ఒకతనికి మెసేజి పెట్టారు. ఏ బిళ్ళ, ఏ వైపు, చిల్లుకి ఎంత దగ్గర, ఏ అక్షరం, అన్నీ. తొమ్మిదో రోజున ఫొటో వచ్చింది. మొదట్లో చెప్పిన ఫొటో అదే.

పెద్దది చేసి చూశాను. చిల్లు చుట్టూ ఆకుల దండ అరిగిపోయి ఉంది. ఆకుల ఎడమ అంచులు మెరుస్తున్నాయి, అంటే వెలుగు ఎడమ నుంచి. చిల్లు పక్కన 'దు' ఉంది. బ్లేడుతో గీసింది లోతుగా ఉండాలి, కానీ దాని ఎడమ అంచులూ మెరుస్తున్నాయి. మళ్ళీ చూశాను. సుధ నా కొంగు పట్టుకుని లాగుతోంది. ఆయన ఫోను వైపు కాదు, నా మొహం వైపు చూస్తున్నారు.

"బాబాయ్ గారూ, వెలుగు..."

"ఎడమ వేపు నుంచి కదా."

"అవునండి."

"గాటుకీ ఎడమ అంచే మెరుస్తోంది కదా."

"అవునండి."

ఆయన ఫోను తీసుకున్నారు. "పొద్దుట్నుంచీ చూస్తున్నానమ్మా. నా కళ్ళే పాడయ్యాయేమో అని నీకిచ్చాను."

అయినా నేను అతనికి మెసేజి పెట్టాను. బిళ్ళని దీపం కింద తిప్పుతూ వీడియో తీసి పంపమన్నాను. చూసినట్టు గుర్తు పడింది, జవాబు రాలేదు. మర్నాటికి మా ఇద్దరి నంబర్లూ బ్లాకు చేశాడు.

ఆ మర్నాడే నేను కిందకి వెళ్ళేసరికి ఆయన వరండాలో బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఇంకో చిల్లుకాణీ ఉంది. మోసపోకుండా కాపాడినందుకు గ్రూపులో ఎవరో బహుమతిగా పంపింది. పక్కన పాత టచింగ్ బ్లేడు. చాలాసేపటి నుంచి అలా చూస్తున్నట్టున్నారు. నేను ఆగలేకపోయాను. గీసెయ్యండి, పిన్ని గారికి తెలీదు కదా, అన్నాను. సైన్సు చదువుకున్న మనిషినై ఉండి అన్నాను. ఇప్పటికీ తప్పనిపించడం లేదు.

"దుర్గ కళ్ళు గీసినప్పుడే నా గీత తెలిసిపోయిందమ్మా మీ పిన్నికి" అన్నారాయన. బ్లేడుని కాగితంలో చుట్టి లోపల పెట్టేశారు. తర్వాత గదిలోకి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నారు.

"దొరకలేదు మాణిక్యం."

"వేసింది నేనైతే మీరు వెతకడమేంటండీ" అన్నారావిడ. ఆయన అరచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని అలాగే పడుకున్నారు. పదకొండో రోజున ఆవిడ పోయారు. ఆ పదకొండు రోజులూ ఆయన ఫోను ముట్టుకోలేదు.

కర్మలన్నీ అయ్యాక, ఒక ఆదివారం పొద్దున్న సుధకి ఒళ్ళు కాలిపోతోంది. ఎత్తుకుని మెట్లు దిగుతూ తల నొప్పా, కడుపు నొప్పా, గొంతు నొప్పా అని వరసగా అడుగుతున్నాను. అది అన్నిటికీ తలూపుతోంది. ప్రతి ఊపుకీ నాకు ఒక్కో జబ్బు కళ్ళముందుకొస్తోంది. అబ్బులు గారు వరండాలోంచి లేచి వచ్చారు.

"అలా అడగకమ్మా" అన్నారు. "ఆ రోజు దుర్గకి జ్వరం. పెళ్ళిళ్ళ సీజను, స్టూడియోలో పని పేరుకుపోయింది. తగ్గింది కదూ అమ్మా అని అడిగాను. తలూపింది. ఎనిమిదింటి పాసింజరెక్కి వెళ్ళిపోయాను. మొన్న ఆ బిళ్ళవాణ్ణీ అలాగే అడిగాను. నాకేం కావాలో చెప్పి మరీ అడిగాను. అదే ఇచ్చాడు."

సుధ చెంప మీద వేళ్ళ వెనక వైపు ఆనించి చూశారు. "ఏమైందో అడుగు. అడిగి ఊరుకో. నీక్కావలసిన జవాబు నీ మొహంలో కూడా కనపడనీకు."

ఆ రోజు సుధకి చెవిపోటు. నేను అడిగిన వరసలో చెవి లేనే లేదు. ఇప్పుడు దానికి ఒళ్ళు వెచ్చబడితే పక్కన కూర్చుని, ఏమైందమ్మా అని ఒక్కసారి అడుగుతాను. ఎంత భయం వేస్తున్నా, అది నోరు తెరిచేదాకా నేను తెరవను.