మొదటి ముక్క ఎవరిది?

బొమ్మయ్యకు నిలకడ లేదు. రాజపాళయం బస్సులో సీటు ఖాళీగా ఉన్నా మెట్టు దగ్గరే నిలబడే మనిషి. ఎండాకాలంలో మాత్రం వారానికోసారి ఉమ్మడి బావి గట్టు మీద గంటసేపు చతికిలబడక తప్పదు. ఆదివారం పొద్దున అక్కడ రమ్మి ఆట. డబ్బుకు కాదు, నీళ్లకు.

ముగ్గురు అన్నదమ్ముల బావి అది. ఎండలు ముదిరితే మొదట మోటారు వేసుకున్నవాడికే నిండు నీరు, చివరివాడికి బురద. కొట్టుకు చావకుండా వాళ్ల నాయన ఒక పద్ధతి పెట్టిపోయాడు. ఆట గెలిచినవాళ్లకు ఆ వారం మొదటి వంతు. పంచాక మొదటి ముక్క తీసేది మాత్రం ఎప్పుడూ వయసులో పెద్దవాళ్లే. మర్యాదకు ఖర్చేముందని అనుకున్నాడు పాపం.

ఖర్చుందని కనిపెట్టింది బొమ్మయ్యే. అన్న అళగర్ మొదట తీస్తాడు, తర్వాత తను, చివర, చనిపోయిన తమ్ముడి కోడలు జీవిత. మొదటివాడికి ఎప్పుడూ ఒక ముక్క ముందే అందుతుంది. జీవితను పక్కన కూర్చోబెట్టుకుని పాత క్యాలెండరు వెనక గళ్లు గీసి చూపించాడు. ఇరవై నాలుగు ఆటల్లో అన్నవి పదమూడు, తనవి ఏడు, ఆమెవి నాలుగు.

"అన్నా, వారానికొకరు మొదలుపెడదాము. ఇది న్యాయమా?"

"ముందు వచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడిరా," అని అళగర్ నవ్వి, కట్టలోంచి ఒక ముక్క పైకెత్తి చూపించాడు. "చీట్టు వచ్చేదాన్ని బట్టే దా గెలుపు. ముందేంది, వెనకేంది?"

మూడు వేసవులు బొమ్మయ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

ఈ వేసవిలో అళగర్ కంటికి ఆపరేషన్ అయింది. ముక్కలు ఆనడం లేదని కొడుకు హరికృష్ణన్‌ను పంపాడు. దాంతో గట్టు మీద బొమ్మయ్యే పెద్ద.

"నువ్వు తియ్యి చిన్నాయనా," అని హరికృష్ణన్ కట్ట జరిపాడు.

బొమ్మయ్య చెయ్యి ఒక్క క్షణం ఆగింది. చేలో పత్తి పూత మీద ఉంది. తీశాడు. గెలిచాడు.

"మామా, వారానికొకరు అని మీరే దా చెప్పినారు?" జీవిత మెల్లగా అడిగింది. బురద నీళ్లతో ఆమె పత్తి అప్పటికే పూత రాలుస్తోంది.

"చీట్టు వచ్చేదాన్ని బట్టే దామ్మా గెలుపు. ముందేంది, వెనకేంది?"

అనేశాక గానీ అది ఎవరి మాటో బొమ్మయ్యకు తెలియలేదు. సిగ్గేసింది. అయినా వెళ్లి మోటారు వేశాడు. నీళ్లు తన చాళ్లలోనే పారుతున్నా గట్టు మీద నిలవలేకపోయాడు. వారమంతా ఇంట్లో ఉంటే చేనుకి, చేలో ఉంటే ఇంటికి తిరిగాడు.

మరుసటి ఆదివారం జీవిత ముందే వచ్చి కూర్చుంది. ఒళ్లో క్యాలెండరు కాగితం, కొత్తది. మూడు గళ్లు గీసి ఉన్నాయి. ఒక్కటే గీత, 'మామ' అని రాసిన గడిలో. అలా గీయడం నేర్పింది బొమ్మయ్యే.

హరికృష్ణన్ పంచి, కట్ట బొమ్మయ్య ముందు పెట్టాడు. బొమ్మయ్య దాన్ని ముట్టుకోలేదు.

"తియ్యండి మామా," అంది జీవిత, పెన్సిలు పట్టుకుని.

"నువ్వు తియ్యి మా. వచ్చే వారం హరి. ఆ పైనే దా నేను."

 జీవిత ఎడమ చేత్తో మొదటి ముక్క తీసింది. కుడిచేతిలో పెన్సిలు మాత్రం కింద పెట్టలేదు.