ఫణిశంకర్ గిటారు కొన్న వైనం

ఫణిశంకర్ ఎంత నెమ్మదస్థుడంటే, బస్సులో తన కాలు తొక్కినవాడికి తానే క్షమాపణ చెప్పుకుంటాడు. ఇల్లు పలాసలో, గుమాస్తా ఉద్యోగం టెక్కలిలో. తండ్రి కూర్మనాథం అర్చకుడు, భార్య సుధ బడిలో టీచరు. ఇలాంటి మనిషికి విశాఖపట్నం హాస్టల్లో ఎవరో ఇచ్చిన క్యాసెట్టు వల్ల పంక్ సంగీతం అంటుకుంది. కార్డులు అనే స్వరాల గుత్తులు మూడే మూడు, గుక్క తిప్పుకోని వేగం, లోకం మీద కోపంతో అరుపులు. సంగీతం రానివాడు కూడా వాయించొచ్చని అందులో ధీమా. ఆయనకు నచ్చిందీ అదే.

రానివాళ్ల వాద్యమే గానీ, గిటారును ఎంచుకోవడానికి మాత్రం గ్రూప్ వన్ పరీక్షకు చదివినట్టు చదివాడు. ఏ కర్ర మంచిది, తీగల మోతను పట్టే పికప్పుల్లో ఏది గరుకుగా మోగుతుంది అంటూ అన్నం దగ్గర కూడా అవే కబుర్లు.

"ఆ కోపమేదో చల్లారకముందే కొనండి," అంది సుధ.

2003 వేసవిలో ఇద్దరూ రైలెక్కి బరంపురం వెళ్లారు. కొట్లో అడుగు పెట్టగానే ఫణిశంకర్ చూపు కొమ్ముల్లాంటి మొనలున్న నల్ల గిటారు మీద పడింది. మెడకు తగిలించుకుని చెయ్యి వదిలాడో లేదో, అది తలబరువుతో ఒరిగి గాజుబీరువాను ఢీకొట్టింది.

"కొమ్ములున్నాక పొడవదేటండీ!" అంది సుధ. గోడకున్న సాదా ఎర్ర గిటారు చూపించి, "అదెందుకు పనికిరాదు?" అని అడిగింది.

దానికి ఒకటే పికప్పు, మోత పెంచి తగ్గించే మరలు రెండే. అయినా ఒంటిమీద నిటారుగా నిలిచింది, చేతికి ఒదిగింది. "ఇదీ బాగానే ఉంది," అన్నాడు ఫణిశంకర్, ఆర్నెల్ల చదువు నీళ్లపాలైనవాడి గొంతుతో. పరువు నిలబెట్టుకోవాలి కదా! కొట్టువాడు చూపించిన చిన్న యాంప్లిఫయర్ని మాత్రం, "పంక్‌కి ఈ అగ్గిపెట్టె ఏ మూలకి?" అని తోసిపుచ్చాడు.

ఇంటికొచ్చి తీగలు గట్టిగా మీటాడు. యాంప్లిఫయర్ లేని ఎలక్ట్రిక్ గిటారు దోమ పాటి చప్పుడు చేసింది.

"చాలా శాంతంగా ఉందిరా! రోజూ వాయించు," అన్నాడు కూర్మనాథం.

మర్నాడే ఫణిశంకర్ గిటారు పట్టుకుని మైకుసెట్టు ఎల్లాజీ దగ్గరికి పరుగెత్తాడు. ఎల్లాజీది పూండి దగ్గర సముద్రపొడ్డు ఊరు. పెళ్లిళ్లకు సెట్లు అద్దెకిస్తాడు. అతని యాంప్లిఫయర్లో గిటారు కడిగిన ముత్యంలా పలికింది. ఫణిశంకర్ ముఖం వేలాడేశాడు.

"ఇంత శుబ్బరంగా ఉంటే కుదరదు ఎల్లాజీ."

"శుబ్బరం వద్దన్న గిరాకీని ఇప్పుడే సూత్తన్నాను బాబూ," అంటూ ఎల్లాజీ వానకు తడిసి చిరిగిపోయిన స్పీకరు ఒకటి తగిలించాడు. అది రాళ్ల మీద పడవను ఈడ్చినట్టు గర్జించింది. ఫణిశంకర్‌కి కళ్లనీళ్లు తిరిగాయి.

ఆ సంబరంలోనే, ఎల్లాజీ తమ్ముడు ఢిల్లీబాబు పెళ్లిలో వాయిస్తానని ఒప్పుకున్నాడు. తీరా మొదలెట్టగానే జనం కేకలేశారు. "ఓరె ఎల్లాజీ! సెట్టు పాడైపోనాది, ఆపీ!"

ఫణిశంకర్ వాయిస్తూనే ఉన్నాడు గానీ, పాడాల్సిన చోట జనానికి క్షమాపణలు చెప్పుకోసాగాడు. టెక్కలి బస్సు రోజూ తనను ఎక్కించుకోకుండా పోతుంటే ఆయన కట్టిన పాటలో ఉన్నది ఒకటే మాట. సుధ మైకు లాక్కుని, నలభైమంది పిల్లల్ని అదిలించే గొంతుతో అరిచింది.

"బస్సు ఆగదు!"

చేపలు అమ్ముకునే నూకాలమ్మ దిగ్గున లేచింది. ఆమె తట్ట కనబడితే కండక్టర్లు రైట్ రైట్ అనేవాళ్లు.

"ఆగదు! నా తట్ట సూత్తే అస్సలాగదు!"

"ఆగదు!" అంది పందిరంతా. ఆ మూడు కార్డులే తిరగేసి మరగేసి వాయిస్తుంటే, ఆడవాళ్లు కొంగులు బిగించి ఎగిరారు. చెమటలు కారుతున్నా ఫణిశంకర్ చెయ్యి ఆపలేదు. తన కోపం ఇంతమందికి ఉందని ఆయనకు అప్పటిదాకా తెలీదు.

తర్వాత ఆ తీరంలో చాలా పెళ్లిళ్లకు పిలుపులొచ్చాయి. నాలుగో కార్డు మాత్రం ఆయన ఎన్నడూ నేర్చుకోలేదు. 2007లో మందసకు బదిలీ అయింది. అక్కడ ఇల్లు అద్దెకిచ్చిన జగదీశ్వరరావు, వాళ్లు సామాను దింపుతుండగా పొడుగాటి సంచీ చూసి అనుమానంగా అడిగాడు.

"అందులో ఏటమ్మా?"

"వీణండీ," అంది సుధ.

ఆదివారం పొద్దున అది గర్జించేదాకా జగదీశ్వరరావు నమ్మాడు.