అక్క ఇచ్చిన మూలుగ

ఆ దర్జీ ఆవిడ నోటికి వీధంతా జడిసేది. మిషను చప్పుడును మించి వినిపించాలని పెంచిన గొంతు, మిషను ఆగినా తగ్గేది కాదు. బేరమాడినవాళ్ళకు గుడ్డతోపాటు నాలుగు చీవాట్లు కూడా మడిచి ఇచ్చేది. అలాంటి మనిషి, తమ్ముడికి రక్త క్యాన్సరని తెలిసిన రోజున మాట పడిపోయినట్టు కూర్చుండిపోయింది. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే మరి.

అదృష్టం బాగుండి అక్క ఎముకల్లోని మూలుగ తమ్ముడికి సరిపడింది. ఎక్కించారు. గండం గడిచి వాడు ఇంటికి వచ్చే రోజున డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టింది.

"అప్పుడే సంబరపడిపోకండి. అక్క కణాలకి నీ ఒళ్ళు కొత్త. పరాయిదనుకుని చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద పడతాయి. అలవాటయ్యేదాకా వాటిని అణిచి ఉంచాలి. ఈ మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదు."

అక్క తలూపింది. తమ్ముడూ ఊపాడు. తలూపడానికేం, గంగిరెద్దు కూడా ఊపుతుంది.

వాడు చిక్కిపోవడంతో చొక్కాలన్నీ వదులయ్యాయి. వాటిని లోపలికి పట్టి కుడదామని ఆవిడ ఓ రోజు వాణ్ణి నిలబెట్టి చెయ్యి చాపమంది. మణికట్టు మీద టేపు పెట్టబోయి ఆగిపోయింది. అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"ఇదేంట్రా?"

"ఏం లేదక్కా, కాస్త దురద."

టేపు మెడలో ఉండగానే వాణ్ణి ఆసుపత్రికి లాక్కుపోయింది. పరీక్ష చేస్తే రక్తంలో మందు ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. డాక్టరమ్మ నిలదీసేసరికి వాడు నేల చూపులు చూశాడు.

"రోజూ రాత్రిపూట మాత్ర మానేశానండీ. అక్క తన ఒంట్లోంచి తీసి ఇచ్చింది. దాన్ని అణగదొక్కాలంటే మనసొప్పలేదు."

అక్కకు కోపమూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"ఓరి వెర్రివాడా! పుట్టి బుద్ధెరిగాక నా మాట ఒక్కటి విన్నావా? ఇవాళ గౌరవం పుట్టుకొచ్చిందా? నా కణాలు నాలాంటివే కదరా! ముందు మీదపడి కరిచి, ఆ తర్వాత ఎవరని అడుగుతాయి. అణుచు, బాగా అణుచు!"

డాక్టరమ్మకు కూడా నవ్వాగలేదు. మొదట్లోనే దొరికింది కాబట్టి మందులు పెంచితే లొంగవచ్చునంది. తప్పకుండా లొంగుతుందని మాత్రం అనలేదు.

ఇంటికి రాగానే ఆవిడ నీళ్ళూ మాత్రలూ తెచ్చి ఇచ్చింది. వాడు మింగి, నోరు తెరిచి చూపించాడు కూడా. అయినా ఆవిడకు అక్కడి నుంచి కాలు కదల్లేదు. తానిచ్చిందే తమ్ముణ్ణి తినేస్తుందేమోనన్న భయం ఆవిడను వదల్లేదు. వంగి, వాడి గుండెకు మొహం ఆనించి, లోపల ఉన్నవాటితో అంది.

"వీడు పరాయివాడు కాదు. నేను పెంచుకున్నవాడు. వీణ్ణేం చెయ్యకండి."