మూడో తరగతిలో కూర్చున్న తండ్రి

2022లో నేను బెంగళూరులోని వర్తూరు దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో కౌన్సెలర్‌గా చేరాను. పిల్లల భయాలు, గొడవలు వినడం నా పని. దాంతోపాటు వారానికో లైఫ్ స్కిల్స్ పీరియడ్ ఉండేది. పరీక్షలుండని క్లాసు, నలుగురితో ఎలా మెలగాలో చెప్పేది. ఆ ఏడు మూడో తరగతిలో ఒక అబ్బాయిని మిగతావాళ్ళు ‘ఆడపిల్ల’ అని ఏడిపించేవారు. మనుషులందరూ ఒకేలా ఉండరనీ, పుట్టినప్పుడు మగపిల్లాడనుకున్నవాళ్ళు కొందరు ఆడవాళ్ళుగా బతుకుతారనీ ఒక పాఠం చెబుదామనుకున్నాను.

నేనింకా చెప్పనేలేదు, సంగతి బయటికి పొక్కి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో అప్పుడే రచ్చ మొదలైంది. ‘పిల్లల్ని మార్చేస్తారంట’, ‘ఆ కౌన్సెలరమ్మ క్రిస్టియన్ కదా, వెనకాల ఎవరున్నారో’. ప్రిన్సిపల్ పిలిచి, “ఒక్క కంప్లైంట్ వచ్చినా పాఠం ఆపేస్తాం. మీదింకా ప్రొబేషనే” అన్నారు.

మర్నాడే వెంకటేశప్ప వచ్చాడు. తాతలనాటి నుంచి బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్ళు, బళేపేటలో గాజుల అంగడి. ఆయన కూతురు లిఖిత ఆ క్లాసులోనే ఉంది.

“మా పాపకి ఏం చెప్పబోతా ఉండారు మేడమ్?”

చెప్పాను.

“నోటితో అందరూ బాగానే చెప్తారు. నేను వెనక కూచ్చోని వింటా. దాచేదేం లేకుంటే ఒప్పుకోండి.”

ఒప్పుకున్నాను గానీ ఆయన్ని నమ్మలేదు. పాఠం రోజు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు; చొక్కా జేబులో ఫోను, కెమెరా బయటికి కనబడేలా ఉంది. ఒక ముక్క కత్తిరించి గ్రూపులో పెడతాడేమోనని ఒక్కో మాటా తూచి మాట్లాడాను.

“సిగ్నల్ దగ్గర చప్పట్లు కొడతారే, వాళ్ళా మిస్?” అన్నాడొకడు.

“వాళ్ళు పిల్లల్ని ఎత్తుకుపోతారంట” అంది ఇంకో పాప.

నేను నోరు తెరిచేలోపే లిఖిత లేచింది. “ఎత్తుకుపోరు! మా అంగడికి రేణుకత్త వస్తుంది. ఆమె చెయ్యి పెద్దది. అందుకే మా అప్ప ఆమె కోసం పెద్ద సైజు గాజులు తెప్పిస్తాడు. కదా అప్పా?”

క్లాసంతా వెనకున్న వాళ్ళ నాన్న వైపు తిరిగింది. ఆయన మొహం ఎర్రబడింది. “అవునమ్మా. సబ్బు రాసి తొడగాల” అన్నాడు.

గంట కొట్టాక కూడా ఆయన కదల్లేదు.

“పాపతో ఆ మాట మీరే చెప్పించినారా?”

“లేదండీ. రేణుక ఎవరో కూడా నాకు తెలీదు.”

“స్కూలెందుకు మానేసినావని ఆ యమ్మని ఒకసారి అడిగినా. పిలకాయలు ఇట్లే ఏడిపించినారంట” అన్నాడు. లేచి నిలబడి, “ఈ పొద్దు చెప్పినంత చెప్పండి. ఒక్క మాట ఎక్కువైనా మొదట వచ్చేది నేనే” అన్నాడు.

గ్రూపులో ఆయన ఏం రాశాడో తెలీదు, కంప్లైంట్ మాత్రం రాలేదు. ఆ అబ్బాయిని ఏడిపించడం ఒక్కరోజులో ఆగలేదు. కానీ లిఖిత వెళ్ళి అతని పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది.

వయసుకు తగ్గట్టు చెప్పాలని, ఏజ్ అప్రోప్రియేట్ అనే మాటతో మాకు శిక్షణలో నేర్పుతారు. చెప్పేముందు పిల్లలకి ఏం తెలుసో అడగాలని నాకు ఆ క్లాసే నేర్పింది. వెంకటేశప్పకి నా మీద, నాకు ఆయన మీద అనుమానం పూర్తిగా పోయిందని అనను. ఇప్పుడు ఏదున్నా ఎదురుగా వచ్చి అడుగుతాడు. నేనూ అంతే.